పెళ్ళి టైపు

డెబ్భై మూడులో, ఒక శనివారం పొద్దున మరియదాసు వేసుకున్న పథకం చాలా చిన్నది. గవర్నరుపేటలో తాను కంపోజిటరుగా ఉన్న ప్రెస్సులో మిషను ఖాళీ దొరికితే, చర్చి గుడిలో భార్య తెరేసమ్మ సంవత్సరీకం పూజకి కాసిని కార్డులు అచ్చేసుకోవాలి. అంతే.

బెజవాడలో ఎందరి శుభలేఖలో కూర్చిన మనిషికి తన పెళ్ళికి కార్డే లేదు. "ఆ వంకీల ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరెప్పుడేస్తావయ్యా?" అని తెరేసమ్మ అడుగుతూనే ఉండేది. "వేస్తాలేవే" అనేవాడు. వేయలేదు, ఆవిడ వెళ్ళిపోయింది. పాపం, ఆ మాట ఏడాదిగా అతన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అందుకే, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచే ఆ సోకైన అక్షరాలు తీసి ఆమె పేరు పెద్దగా, కింద మిగతా రెండు ముక్కలూ ఇంగ్లీషులోనే కూర్చాడు. మిషను మీద ఎవరివో శుభలేఖల గులాబి రంగు మిగిలుంది. ఆమెకి ఇష్టమైన రంగేగా అని దాంతోనే వేసేశాడు. ప్రెస్సులో ఆ వంకీల అక్షరాల్ని పెళ్ళి టైపంటారనీ, పెళ్ళికి తప్ప అది అరలోంచి బయటికి రాదనీ ఆ క్షణాన గుర్తు రాలేదు. అదే కొంప ముంచింది.

పంచేటప్పుడు సంవత్సరీకం అనడానికి నోరు పెగల్లేదు. "సోమవారం పొద్దున, గుడికి. తప్పకుండా రావాలి" అని కార్డు చేతిలో పెట్టి తల దించుకుని వచ్చేశాడు. ఇంగ్లీషు చదివేదెవరండీ? గులాబి వంకీలు చూశారు, సిగ్గుపడుతున్నాడనుకున్నారు. బైండరు తిరుపతిరావైతే ఆ పూటే స్టీలు క్యారేజీ కొని పేరు కొట్టించాడు. ఒక కార్డు గన్నవరం బస్సెక్కి తెరేసమ్మ చెల్లెలు శౌరమ్మకి చేరింది.

సోమవారం గుడి ముందు పట్టుచీరలు, మల్లెదండలు, నవ్వులు. శౌరమ్మ బస్సు దిగుతూనే విరుచుకుపడింది.

"ఏం బావా! ఏడాది తిరిగీ తిరక్కముందే పెళ్ళికొడుకువైపోయావా? మా అక్క నీకేం తక్కువ చేసింది? ఎవత్తి ఆ పెళ్ళికూతురు?" అని కార్డు మొహాన కొట్టింది.

మరియదాసు వంగి కార్డు తీసి, దుమ్ము దులిపి, పేరు మీద వేలు పెట్టాడు.

"మీ అక్కే, శౌరమ్మా. ఇదిగో, తెరేసమ్మ. సంవత్సరీకం కార్డు. బాగా వచ్చిందా?"

శౌరమ్మ ఆ వంకీల వెంట వేలు నడిపింది. "ఇంత అందంగానా బావా, మా అక్క పేరు!" అని మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఏడాదిగా కన్నీరు రాని మరియదాసూ పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పూజ అయ్యాక ఆ పట్టుచీరలన్నీ సమాధుల దగ్గరికి నడిచాయి. తన పెళ్ళికి చేమంతి దండతో సరిపెట్టుకున్న తెరేసమ్మ, ఆ రోజు మల్లెల కింద కనబడకుండా పోయింది.

తిరుపతిరావు క్యారేజీ మీద "మరియదాసు దంపతులకు" అని ఉంది. పేరు కొట్టిన సామాను కొట్టువాడు వెనక్కి తీసుకోడు గనక, మరియదాసు రోజూ ప్రెస్సుకి అందులోనే అన్నం తెచ్చుకుంటున్నాడు, ఒక్కడికి.