గోడెక్కిన అర్జీ

మన జిల్లా రచయిత శ్రీ పృథ్వీరాజ్‌గారు రాసిన అర్జీకి ఈ సంవత్సరపు ఉత్తమ రచన పురస్కారం లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒక అర్జీకి సాహిత్య పురస్కారం రావడం మన ప్రాంతంలో ఇదే ప్రథమం. అందులో అడిగిన పని జరగకపోవడం మాత్రం ప్రథమం కాదు కనుక, దాని గురించి విడిగా ప్రకటన చేయడం లేదు.

పృథ్వీరాజ్‌గారు రాజాంలో ఒక ధాన్యం కొట్టు మేడమీద గదిలో ఉంటారు. స్వతంత్ర రచయిత. అంటే, ఎవరు రాయమంటే వారికి రాస్తారు. ఆయన విషయాలు రెండు: సుస్థిరత, సామాజిక న్యాయం. కంపెనీలు తమ నివేదికల్లో మొదటిదానికి పన్నెండు పేజీలు ఇస్తాయి, రెండోదానికి ఒకటి. ఆ ఒక్కదాంట్లో సగం ఫొటో. మిగిలిన అరపేజీలోనే ఆయన ఇప్పటికి ఎందరికో న్యాయం చేశారు. మనిషి మంచివారు. ఎవరింట్లో టీ తాగినా గ్లాసు తానే కడిగి పెడతారు.

ఆమధ్య నౌపడ అవతల ఒక జీడిపప్పు కంపెనీవారు వార్షిక నివేదిక రాయమన్నారు. అట్టమీద కార్మికురాలి వేలిముద్ర ఆకుపచ్చ సిరాలో ఉంటే బాగుంటుందని పృథ్వీరాజ్‌గారికి తోచింది. ఇరవై రెండేళ్లుగా జీడిగింజలు కొడుతున్న తవిటమ్మను పిలిపించారు. ఆమె బొటనవేలికి సిరా రాసి కాగితం మీద నొక్కిస్తే చింతగింజంత పచ్చమచ్చ పడింది. గీతలు లేవు. గింజ తొక్కలోని నూనె వాటిని ఎప్పుడో తినేసింది. నాలుగుసార్లు నొక్కించి చూసి, చివరికి మేనేజరుగారి వేలు పెట్టించారు. ఆయన ఏనాడూ పచ్చిగింజ ముట్టినవారు కాదు గనుక ముద్ర గీతగీతా స్పష్టంగా వచ్చింది. దాని కింద ‘చెమట సంతకం’ అని అచ్చు వేశారు.

తవిటమ్మ వేలు చెంగుకు తుడుచుకుంటూ అంది: “నీ పుస్తకానికి పడకపోతే పోనీ బాబూ. రేసను డిపోలో మిసన్ను కూడా నా ఏలు పట్టదు. మూడు నెల్లయి బియ్యం ఇస్తన్నారు కాదు. ఆపీసోళ్లు అర్జీ అట్టుకు రమ్మన్నారు. రాసేవోడివి గదా, ఓ ముక్క రాసెట్టు.”

పృథ్వీరాజ్‌గారు చలించిపోయారు. తొమ్మిది రోజులు గది తలుపు వేసుకున్నారు. అర్జీ పదకొండు పేజీలు వచ్చింది. భూగోళం వేడెక్కడంతో మొదలై, జీడిమొక్క సముద్రం దాటి మన ఇసుకలో వేరూనిన వైనం చెప్పి, తవిటమ్మ వేలిమీద చెరిగిన గీతలను వేసవిలో ఎండిన వంశధార పాయలతో పోల్చి, మానవజాతిని నిలదీసి ముగిసింది.

మండల కార్యాలయంలో అర్జీలు సోమవారం తీసుకుంటారు. అక్కడి అధికారి ధర్మేంద్రగారు సాహిత్యాభిమాని. మొదటి పేజీకి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాలుగో పేజీకి చప్పుడవుతోందని ఫ్యాను ఆపించారు. తరవాత లేచి నిలబడి, వరసలో ఉన్నవారందరికీ చదివి వినిపించారు. అరవై మందీ తమ తమ అర్జీలు చంకన పెట్టుకుని చప్పట్లు కొట్టారు. ఆ గాంభీర్యం చెడకూడదని ఆ రోజు మరో అర్జీ తీసుకోలేదు.

మరునాడే దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఇక్కడొక చిన్న చిక్కు వచ్చింది. గోడమీద ఉన్న కాగితం ఫైల్లో ఉండదు. ఫైల్లో లేని కాగితం మీద చర్య తీసుకునే వీలుండదు. పోనీ ఫైల్లో పెడదామంటే గోడ బోసిపోతుంది. గుమాస్తా ఈశ్వర్ ఇదంతా తవిటమ్మకు ఓపిగ్గా వివరించాడు. కూర్చోమని తన స్టూలు కూడా ఇచ్చాడు. ఆ స్టూలు సంగతి ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

పురస్కార సభ ఘనంగా జరిగింది. “ఇంతవరకు అర్జీ అంటే పేరు, ఊరు, బాధ. ఈ మూడింటినీ అధిగమించిన తొలి అర్జీ ఇది” అని ధర్మేంద్రగారు ప్రసంగించారు. తవిటమ్మకు శాలువా కప్పారు. పారదర్శకత కోసం భోజనం పొట్లాలు వేలిముద్ర మీద ఇచ్చారు. పృథ్వీరాజ్‌గారు తన పొట్లం ఆమె చేతిలో పెట్టి ఖాళీ కడుపుతో రాజాం బస్సెక్కారు. దీని గురించి ఎక్కడా రాయలేదు, ఆయన కూడా.

వారం పోయాక సభ ఫొటో ఇవ్వడానికి ఆమె ఇంటికి వెళ్లారు. తవిటమ్మ ఆ అర్జీ ఒకసారి చదవమంది. సంచీలోంచి నకలు తీసి పదకొండు పేజీలూ చదివారు. ఆమె చివరిదాకా కదలకుండా వింది.

“బాగున్నాది. ఇందులో బియ్యం ఏదీ బాబూ?”

ఆయన వెతికి పదో పేజీ చూపించారు. ఆహార సార్వభౌమత్వం అని ఉంది.

“అదొండితే ఎంతమందికొస్తాది?”

పృథ్వీరాజ్‌గారు పదకొండో పేజీ తిప్పారు.

“పోనీ, కార్డు నెంబరేసినావా?”

“లేదమ్మా. వాక్యం నడక చెడుతుందని...”

అంతలో పక్కింటి లీలారాణి గిన్నె పట్టుకొచ్చింది. వాళ్ల బాప్టిస్టు చర్చి ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కన పెడతారు. డిపో బియ్యం ఆగినప్పటినుంచీ ఆ వీధి పిడికిళ్లన్నీ తవిటమ్మ ఇంటికే వస్తున్నాయి. తవిటమ్మ అలవాటుగా బొటనవేలు చాచి నవ్వింది. “ఏలెందుకే అక్కా, గిన్నట్టుకో సాలు” అంది లీలారాణి.

అర్జీ విషయం విని, ఆమె నోటుబుక్కులో కాగితం చింపి తానే రాసింది. పేరు, కార్డు నంబరు, ‘వేలు పడడం లేదు, బియ్యం ఇప్పించండి.’ సోమవారం ఇస్తే శుక్రవారానికి తిరిగి వచ్చింది. అంచున ఎర్రసిరాతో ఉంది: ‘విషయం కలదు. శైలి లేదు. గోడమీది నమూనా చూసి తిరగరాయవలెను.’

పృథ్వీరాజ్‌గారు ఈ సంగతి తెలిసి మరింత చలించి, దీనిమీద ఒక పెద్ద వ్యాసం మొదలుపెట్టారట. ఆయన్ని చూసి నవ్వుకోవడం సులువే. మీరు ఇక్కడిదాకా చదివారు, మధ్యలో బాగుందని కూడా అనుకుని ఉంటారు. తవిటమ్మ కార్డు నంబరు ఈ కథలోనూ లేదు. వేయాలని నాకు తోచలేదు. అడగాలని మీకూ తోచలేదు.