కుంకుమ పెట్టిన జాయింట్లు

మా వారు కోదండరాం గారికి మనుషులందరి మీదా నమ్మకమే. అయితే మెకానిక్కులను ఆయన మనుషుల్లో లెక్కవేసేవారు కాదు. దాని పర్యవసానం పందొమ్మిది వందల యాభైమూడులో, మా అన్నయ్య దామోదరం కొడుకు పెళ్లిలో తేలింది.

ముందుగా కారణం చెప్పాలి. పాండిచ్చేరిలో కొన్న మా పాత ఫ్రెంచి కారులో ఇంజను ముందు చక్రాలనే తిప్పేది. ఆ చక్రాల ఇరుసు జాయింట్లకు తోలు తొడుగులుండేవి. అవి చినిగాయి. చినిగినందువల్ల గ్రీజు కారిపోయింది, గ్రీజు పోయినచోట దుమ్ము చేరింది. దుమ్ము చేరినందువల్ల మలుపు తిరిగినప్పుడల్లా కారు టకటకలాడేది. పెళ్లికొడుకు ఊరేగింపుకు ఆ కారే ఇస్తానని మా వారు బంధువులందరి ముందూ మాట ఇచ్చేశారు.

పురసవాక్కంలో మెకానిక్కు సుబ్బన్ షెడ్డు నుంచి ఆయన ముఖం ముడుచుకుని వచ్చారు.

"బండి రెండు దినాలు ఈడ విడిచిపెట్టి పోండి అన్నాడు కస్తూరీ. ఎందుకన్నాడంటావు?"

"మీరు అక్కడ కూర్చుంటే పని సాగదని."

"కాదు. మన జాయింట్లు తీసేసి పాతవి పెడతాడు."

"మనవేమన్నా కొత్తవా?"

"పాతవే. అయినా మన పాతవి!"

మర్నాడు పూజ గదిలో కుంకుమ భరిణె కనిపించలేదు. దేవుడికి దణ్ణం పెట్టడానికే తీరిక లేని మనిషి జేబు ఎర్రబడి ఉండడం చూసి నాకు సందేహం కలిగింది. తరువాత తెలిసింది: సుబ్బన్ ఇరుసులు విప్పి టీకి వెళ్లిన వేళ, ప్రతి జాయింటుకూ ఈయన గుర్తుగా బొట్టు పెట్టారట.

సాయంత్రం మళ్లీ వెళ్లారు. షెడ్డులో సుత్తికి బొట్టు, జాకీకి బొట్టు, పక్క లారీల జాయింట్లన్నిటికీ బొట్టు.

"సార్ అంత భక్తిగా పెట్టిపోయినారే, మిగతా బండ్లు మాత్రం ఏం పాపం చేసినాయి సార్?" అన్నాడట సుబ్బన్, తన నుదుటి బొట్టు సవరించుకుంటూ. "మీవి కిరసనాయిల్లో కడిగి మళ్లీ బొట్టు పెట్టినాను."

సుబ్బన్ తోలు కొనడానికి పెరియమేటకు వెళ్లగానే, ఏవి మావో తేలక మా వారు అక్కడున్న జాయింట్లన్నీ గోనెసంచిలో నింపి రిక్షాలో ఇంటికి తెచ్చేశారు. వరండాలో పరిచి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించసాగారు.

"ఏమండీ, ముందు చక్రాలతో లాగే కారు ఈ పేటలో ఇంకెవరికుంది?"

"మనకే," అన్నారు గర్వంగా.

"అయితే మనవి తీసి సుబ్బన్ ఏ బండికి పెడతాడు?"

చేతిలోని జాయింటు కింద పెట్టేశారు. "అయినా వాడి చూపు నాకు నచ్చలేదు," అన్నారు.

ఆ చూపు అప్పటికే మా గేటు దగ్గరుంది.

"అమ్మా, సార్ మీద అనుమానం కాదు," అన్నాడు సుబ్బన్ చేతులు కట్టుకుని. "మునిరత్నం గారి లారీ జాయింటు కనబడలే. ఆ గోనెసంచి కొంచెం చూసుకోవచ్చునా?"

మా వారు సంచికి అడ్డంగా నిలబడ్డారు. నేను ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. సుబ్బన్ తన సొత్తు ఏరుకున్నాడు, మాది విడిగా తీసిపెట్టాడు.

"రేపు సాయంత్రమే ఊరేగింపు, సుబ్బన్," అన్నాను.

"ముగించేస్తానమ్మా. అయితే సార్ షెడ్డుకు రాకూడదు. ఊరేగింపులో బండి నేనే తోలతా. సార్ చేతికిస్తే దోవలో విప్పేస్తారు."

నేను సరేనన్నాను. మా వారిని ఎవరూ అడగలేదు.

కొత్త తొడుగులు కుట్టి, గ్రీజు దట్టించి, సుబ్బన్ మాట నిలుపుకున్నాడు. ఊరేగింపులో పెళ్లికొడుకు వెనక సీట్లో, సుబ్బన్ స్టీరింగు ముందు, మా వారు రోడ్డు మీద. ప్రతి మలుపులోనూ నడుము వంచి ముందు చక్రానికి చెవి ఒగ్గుతూ నడిచారు. వియ్యాలవారు ఆయన వినయానికి ముచ్చటపడ్డారు.

కల్యాణ మంటపం చేరాక నా పక్కకు వచ్చి గుసగుసలాడారు.

"ఒక్క మలుపులో కూడా శబ్దం రాలేదు కస్తూరీ."

"సంతోషం."

"సంతోషమా? మనవే అయితే శబ్దం రావాలి గదా!"