చాట్రాయి నుంచి సున్నా ట్రేలు

2025 ఏప్రిల్ 28, సోమవారం. ఆ పొద్దున నారాయణరావు గారు కొత్తావకాయ నంజుకుని దిబ్బరొట్టె తిన్నారు. భార్య పోయిన మూడేళ్లలో ఆయన చేసిన దిబ్బరొట్టెల్లో మూకుడికి అంటుకోకుండా నిండుగా ఊడివచ్చింది అదే మొదటిది. దాన్నాయన శుభశకునంగా తీసుకున్నారు. దిబ్బరొట్టెకి జాతకం చెప్పడం రాదని పదిగంటలకి గాని తెలియలేదు.

ఆ రోజు పని చిన్నదే. హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన పళ్ల కొట్టు నడుపుకునే బాలశౌరికి మధ్యాహ్నంలోగా యాభై ట్రేల చిన్నరసం మామిడిపళ్లు అందాలి. పళ్లు నారాయణరావు గారి చాట్రాయి తోటలో గడ్డిలో మగ్గి సిద్ధంగా ఉన్నాయి. మామూలు రోజయితే నూజివీడు కొట్లో కుర్చీలోంచి లేవకుండా, తోట చూసే మల్లయ్యకి ఒక్క ఫోను కొడితే సరిపోయేది. ఆ ఫోను ఇప్పుడు కొడుకు మనోజ్ జేబులో ఉంది.

దీనికంతటికీ కారణం కొట్టుకి ఎదురుగా మేడమీదున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు నారాయణరావు గారు అక్కడి బోర్డు చదివి, మెట్లెక్కి, డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్ట్ ప్రోగ్రామింగ్ అనే కోర్సులో చేరిపోయారు. అరవై రెండేళ్ల వయసు, ఎనభై నాలుగు నాటి బీఎస్సీ లెక్కలు. చుట్టూ డిగ్రీ పిల్లలు. మొదటిరోజు వాళ్లు నవ్వారు. పాఠం చెప్పే మాధురి నవ్వలేదు, ఫ్యాను కింద కుర్చీ చూపించింది. ఆ కుర్చీ కోసమైనా కోర్సు పూర్తిచేయాలని ఆయన అప్పుడే అనుకున్నారు.

"అంకుల్, ఆబ్జెక్ట్ ఎక్కడో వేరే ఊళ్లో కంప్యూటర్‌లో ఉంటుంది," అని చెప్పింది మాధురి. "మనం మాత్రం పక్కనే ఉన్నట్టు పిలుస్తాం. దాని తరఫున మన దగ్గర ఒక స్టబ్ ఉంటుంది. మన మాట అక్కడికి మోసుకెళ్తుంది, జవాబు తెచ్చి మన చేతిలో పెడుతుంది."

"గుమస్తా అన్నమాట."

"అంతే అంకుల్!"

నలభై ఏళ్లు గుమస్తాలతో వేగినవాడికి ఇందులో బ్రహ్మవిద్య ఏం కనిపించలేదు. మార్చి ఆఖరుకల్లా ఆయన "తోట" అనే ఆబ్జెక్ట్ రాసి, పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, చాట్రాయి తోట షెడ్డులో బల్లమీద కూర్చోబెట్టారు. దానికి బిల్లులు కొట్టే చిన్న ప్రింటరు తగిలించారు. నూజివీడులో "పంపు, 50" అని కొడితే చాట్రాయిలో చిట్టీ బయటికొస్తుంది. పని అయ్యాక మల్లయ్య ఆకుపచ్చ స్టిక్కరు అంటించిన మీట నొక్కితే, ఇక్కడ తెరమీద "అయింది" అని పడుతుంది.

"నాన్నా, ఈ వయసులో నీకెందుకు ఈ చదువు?" అన్నాడు మనోజ్. వాడు ఎంబీఏ. కొట్టు తనకి అప్పగించి తండ్రి ఇంట్లో హాయిగా టీవీ చూసుకోవాలని వాడి కోరిక.

"అరవై రెండేళ్లకి చదువెందుకని అడుగుతారు. అరవై రెండేళ్లకి టీవీ ఎందుకని ఒక్కడూ అడగడేం?"

చివరికి పందెం పడింది. ఒక్క రోజు, ఫోను ముట్టకుండా, ఆ ప్రోగ్రాముతోనే వ్యాపారం నడవాలి. నడిస్తే కొట్లో కుర్చీ నారాయణరావు గారిదే, కొట్టు అప్పగించే ఊసు మనోజ్ మళ్లీ ఎత్తకూడదు. నడవకపోతే ఆ సాయంత్రమే కుర్చీ దిగి ఇంటికి వెళ్లిపోవాలి.

ఆదివారమే ఆయన చాట్రాయి వెళ్లి మల్లయ్యకి గట్టిగా చెప్పొచ్చారు. "రేపు ఫోన్లో ఎవరేం చెప్పినా వినకు. నేను చెప్పినా సరే వినకు. చిట్టీ వస్తేనే పని."

"అట్టాగేనండీ అయ్యగారూ," అన్నాడు మల్లయ్య. మల్లయ్య అట్టాగే అన్నాడంటే అట్టాగే.

సోమవారం ఏడింటికి నారాయణరావు గారు "పంపు, 50" కొట్టారు. పావుగంట గడిచినా జవాబు రాలేదు. ఆయనేం కంగారు పడలేదు. జవాబు రాకపోతే మళ్లీ అడగాలని మాధురి ఒక క్లాసులో చెప్పింది. ప్రతి పావుగంటకీ మళ్లీ అడిగేలా ఆయన రాసిపెట్టుకున్నారు. తెరమీద "అడుగుతున్నాను" అని వచ్చినప్పుడల్లా, దాని ఓర్పుకి ముచ్చటపడి, కాఫీ చప్పరిస్తూ పేపరు చదువుకున్నారు.

ఆ సమయంలో చాట్రాయిలో ఏం జరిగిందో తర్వాత అందరూ తలో ముక్కా చెప్పగా తెలిసింది.

మొదటి చిట్టీకి మల్లయ్య యాభై ట్రేలు వ్యానుకెక్కిస్తుండగానే రెండో చిట్టీ వచ్చింది. మల్లయ్య భార్య కృష్ణవేణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమయ్యా, ఇందాకటిదే మళ్లీ వచ్చిందేమో?"

"పాతికేళ్ల నుంచి చూస్తున్నాను. ఒక మాట రెండోసారి చెప్పే మనిషి కాదే ఆయన. రెండో చిట్టీ అంటే రెండో లోడే."

"పోనీ ఆ పచ్చ మీటన్నా నొక్కు. మొదటి లోడు అయిపోయినట్టేగా."

"పని అయ్యాక నొక్కమన్నారు. అయిందా? అదిగో మేకుకి ఇంకోటి వేలాడుతోంది. అవని పని అయిందంటే అబద్ధం కాదటే?"

అలా ఇద్దరు నిజాయితీపరుల మధ్య వ్యవహారం బిగుసుకుంది. మీట నొక్కేదాకా చిట్టీలు ఆగవు. చిట్టీలు ఆగేదాకా మల్లయ్య మీట నొక్కడు.

మూడో లోడుకి తోటలో మగ్గిన పళ్లు నిండుకున్నాయి. మల్లయ్య పక్క తోటలవాళ్ల గడ్డి కూడా దులిపించాడు. బండ్లు చాలక ట్రాక్టరు పిలిచాడు, పాల వ్యాను ఆపాడు. రాత్రి పెళ్లి ముగించుకుని జంక్షన్ వైపే పోతున్న బ్యాండు మేళం వ్యానుకి అడ్డంగా నిలబడ్డాడు. మేళగాళ్లు మంచివాళ్లు. డప్పులు ఒళ్లో పెట్టుకుని, సర్దుకుని, ట్రేలకి చోటిచ్చారు.

పదింటికి మనోజ్ జేబులో ఫోను మోగింది. వాడు కావాలనే స్పీకరు పెట్టాడు.

"మనోజ్ బాబూ, బాలశౌరినండీ. యాభై వచ్చాయి, పళ్లు బాగున్నాయి. ఇంకో యాభై వచ్చాయి, అభిమానం అనుకున్నాను. ఇప్పుడు ట్రాక్టరొచ్చిందండీ! దాని వెనకాల పాల వ్యాను హారన్ కొడుతోంది. నాది పళ్ల కొట్టండీ, గోడౌను కాదు!"

"ఆ చప్పుడేంటి బాలశౌరి గారూ?"

"మేళమండీ. మీరే పంపారంటగా!"

నారాయణరావు గారు పేపరు దించి తెరవైపు చూశారు. "పదమూడోసారి అడుగుతున్నాను" అని ఉంది. ఎంత మర్యాదగా అడుగుతోందో చూడమన్నట్టుంది.

మనోజ్ ఫోను చాపాడు. "ఇక చాల్లే నాన్నా. మల్లయ్యకి ఆపమని చెప్పి కుర్చీ దిగు."

"ముట్టను."

"అక్కడ హైవే బ్లాకయ్యేలా ఉంది!"

"ముట్టనంటే ముట్టను. నలభై ఏళ్లు కూర్చున్న కుర్చీరా ఇది. ఒక్క పొద్దున చెడిందని లేస్తానా?"

మనోజ్ విసుక్కుని మల్లయ్యకి తనే ఫోను చేశాడు.

"చెప్పండి చిన్నబాబూ."

"మల్లయ్యా, లోడింగు ఆపెయ్. ఒక్క ట్రే కూడా పంపొద్దు."

"ఫోన్లో ఎవరు చెప్పినా వినొద్దన్నారండీ అయ్యగారు."

"నేను మనోజ్‌ని!"

"గొంతు గుర్తుపట్టానండీ. అయినా వినకూడదండీ."

"నాన్న ఇక్కడే, నా పక్కనే ఉన్నాడు. ఆయనతోనే చెప్పిస్తా!"

"ఆయన చెబితే అసలు వినొద్దని ఆయనే చెప్పారండీ," అని మల్లయ్య వినయంగా ఫోను పెట్టేశాడు.

మనోజ్ చేతిలో ఫోనుకేసి చూశాడు. పొద్దుట్నించి తన జేబులో సింహంలా పడుకున్న ఫోను పిల్లిలా అయిపోయింది. "నాన్నా, నీ ప్రోగ్రాముతోనే ఆపమని చెప్పు," అన్నాడు, కాస్త తగ్గి.

"ఆపు అనేది రాయలేదురా." నలభై ఏళ్ల వ్యాపారంలో తోటకి పంపమని చెప్పడమే గాని, పంపొద్దని చెప్పే అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు.

నారాయణరావు గారు రోడ్డు దాటి, మెట్లెక్కి, జరిగింది చెప్పారు. మాధురి చేతిలో మార్కరుతో అలాగే కిందికి దిగివచ్చింది. కోడు చూసి నుదురు కొట్టుకుంది.

"శనివారం క్లాసుకి రాలేదు కదా అంకుల్?"

"ఆవేళ మా ఆవిడ ఆబ్దికం అమ్మా."

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఆ రోజే చెప్పాను. ఒకడు పది మిస్డ్ కాల్స్ ఇస్తే పదిమంది ఫోన్ చేసినట్టు కాదు. కానీ ఆ సంగతి అవతలి ఆబ్జెక్టుకి తెలియాలి కదా? ప్రతి పనికీ ఒక నంబరివ్వాలి. అదే నంబరు మళ్లీ వస్తే, పాతదేనని ఊరుకుంటుంది."

"మరి ఇప్పుడు?"

"మళ్లీ అడిగే లైను తీసేద్దాం. ఆపు అని కొత్తగా రాయాలంటే మాత్రం చాట్రాయి వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టాలి. అక్కడున్న ఆబ్జెక్టుకి తెలిసింది పంపు ఒక్కటే."

నారాయణరావు గారు ఒక నిమిషం ఆలోచించారు. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, రెండు వేళ్లతో, తొందరపడకుండా కొట్టారు: పంపు, 0.

మాధురి చప్పట్లు కొట్టింది. మనోజ్‌కి అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది.

చాట్రాయిలో చిట్టీ వచ్చింది. మల్లయ్య దాన్ని వెలుగులో పెట్టి చదివాడు. "సున్నా ట్రేలు పంపమన్నారే."

"ఏమీ పంపొద్దనయ్యా!" అంది కృష్ణవేణి.

"ఏమీ పంపొద్దంటే చిట్టీ ఎందుకు పంపుతారే? పంపు అని రాసుంది. అంటే ఖాళీ బండి పంపాలి."

"మరి మేకుకున్న మిగతా చిట్టీల మాటేంటి?"

"అయ్యగారి ఆఖరి మాట సున్నా. ఆఖరి మాటే మాట." మల్లయ్య మొదటి లోడు దింపి తిరిగొచ్చిన వ్యానుని ఖాళీగానే జంక్షన్‌కి తోలాడు. కొత్త చిట్టీ రాకపోవడం పావుగంట సేపు చూసి, చేతులు కడుక్కుని, ఆకుపచ్చ మీట నొక్కాడు.

నూజివీడులో తెరమీద "అయింది" అని పడింది. నారాయణరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కళ్లజోడు శుభ్రంగానే ఉంది.

వెళ్లినవి ఆరు లోడ్లు. బాలశౌరి ట్రేలు కొట్టు దాటి, పక్క టీ బంకు ముందు దాకా పేర్చి, తల పట్టుకుని కూర్చున్నాడు. మేళగాళ్లకి మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాలేదు. మనవల్ల ఆయనకి ఇబ్బందొచ్చిందే అనుకుని డప్పులందుకున్నారు. ఎవరి పెళ్లో చూద్దామని ఏలూరు బస్సు ఆగింది. దాని వెనక విజయవాడ బస్సు ఆగింది. పెళ్లికొడుకు కనపడలేదు గాని చిన్నరసాల వాసన తగిలింది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా నాలుగు లోడ్లు అమ్ముడైపోయాయి. మిగిలిన రెండు లోడ్లు వెనక్కి పంపడానికి బండెక్కడా దొరక్క బాలశౌరి రోడ్డుమీద నిలబడితే, చాట్రాయి నుంచి ఖాళీ వ్యాను వచ్చి ఆయన ముందే ఆగింది.

"నారాయణరావు గారి ముందుచూపే ముందుచూపండీ," అన్నాడు బాలశౌరి సాయంత్రం ఫోన్లో. "రేపు పళ్లు మామూలుగా యాభై చాలు. ఆ మేళం వాళ్లని మాత్రం తప్పకుండా పంపండి."

మనోజ్ ఫోను పెట్టేసి తండ్రికేసి తిరిగాడు. "దీన్ని నడిచిందంటావా నాన్నా? ఆరు లోడ్లు పోయాయి!"

"యాభై అడిగారు, యాభై మధ్యాహ్నంలోగా అందాయి. ఇవాళ ఈ కొట్లో ఫోను ముట్టింది ఎవరు? నేనా?"

మనోజ్ చేతిలో ఫోను గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"ఒప్పుకున్నట్టేనా?"

"పక్క తోటలవాళ్లకి ఎవరు సమాధానం చెబుతారు?"

"నేను చెబుతాను. తప్పు నాది, పళ్లు వాళ్లవి. తప్పు చేశానన్నాను గాని ఓడిపోయానన్లేదు." ఆయన అప్పటికే తెరవైపు తిరిగిపోయారు. పక్క కుర్చీలో మాధురి రాసిచ్చిన కాగితం ఉంది. ఒక్కో పనికి ఒక్కో నంబరు. "వెళ్లేటప్పుడు ఆ పెద్ద లైటు వేసిపోరా. ఇక్కడ ఒక లైను కుదరడం లేదు."

మనోజ్ లైటు వేశాడు. వీధిలో కొట్లన్నీ ఒకటొకటిగా మూసేస్తున్నారు. కాసేపు గుమ్మంలో నిలబడి, రెండు వేళ్లతో టకటకా కొడుతున్న తండ్రి వీపుకేసి చూశాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.

అలవాటుగా జేబులోంచి తాళం తీశాడు గాని, లోపల యజమాని ఉన్నారని గుర్తొచ్చి వేయలేదు.