అధికారిక కుంటినడక

ప్రపంచంలో ఏ సైన్యమైనా యుద్ధంలోకి దిగితే తగ్గుతుంది. యుద్ధం ముగిసి నలభై ఏళ్ళు దాటినా ఏటేటా పెరుగుతూ వస్తున్న సైన్యం భూగోళం మొత్తం మీద ఒక్కటే ఉంది. అది కొరియెంతెస్ రాష్ట్రంలోని సాన్ హెలాసియో పట్టణానిది.

దూరాన దక్షిణ సముద్రంలో ఉన్న మాల్వీనాస్ దీవుల కోసం ఇంగ్లీషువాళ్ళతో పోరాడడానికి ఈ ఊరినుంచి ముగ్గురు కుర్రాళ్ళు వెళ్ళారు. ఇద్దరు అక్కడే ఉండిపోయారు. మూడోవాడు బతికాడు గానీ ఊరికి తిరిగి రాలేదు. ఆ ముగ్గురిలోంచి ఈనాటికి ముప్పై ఒక్కమంది మాజీ యోధులు తయారయ్యారు. (లెక్కల మేష్టారు ఒకాయన దీనిమీద సందేహం వెలిబుచ్చాడు. ఆయన్ని కూడా చేర్చుకున్నాక సందేహం తీరిపోయింది.)

ఇంతమంది అసలు యోధులున్న చోట దొంగ యోధులు చొరబడే ప్రమాదం ఉంది కనుక, పురపాలక సంఘం వారు మాజీ యోధుల నిజనిర్ధారణ సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఎవరు యుద్ధం చేశారో తేల్చేది, చేశారని ఇదివరకే తేలినవాళ్ళు. పరీక్ష కఠినంగా ఉంటుంది. దీవుల్లో చలి ఎముకలు కొరికేదని చెప్పాలి. ఇంగ్లీషు సైన్యం తరఫున కత్తి పట్టుకున్న గూర్ఖా కనీసం ఒక్కడైనా మీద పడి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కుంటాలి.

మొదట్లో ఎవరికి తోచిన కాలితో వాళ్ళు కుంటేవాళ్ళు. ఒక ఏప్రిల్ రెండో తేదీన, యోధుల దినం ఊరేగింపులో, ఎడమవాళ్ళూ కుడివాళ్ళూ భుజాలు ఢీకొని జాతీయ జెండా కాస్తా మురుక్కాలవలో పడింది. అప్పటినుంచి అధికారిక కాలు కుడికాలే అని తీర్మానించారు. చర్చి మూల నుంచి కూడలి దాకా కుంటాలి. కూడలి దాటాక, మాంసం కాల్చే చోటికి మామూలుగా పరిగెత్తవచ్చు.

ఈ సంఘానికి అధ్యక్షుడు దోన్ రెమీహియో మసియెల్. (దోన్ అంటే మన గారు లాంటిది.) యుద్ధకాలంలో ఆయన నిజంగానే సైన్యంలో ఉన్నాడు. కాకపోతే దీవులకు చాలా దూరంగా, ప్రధాన భూభాగం మీద, కల్నల్ గారి భార్య పెంచుకునే బొచ్చుకుక్కకు స్నానం చేయిస్తూ ఉన్నాడు. ఆ కుక్క కరిచిన మచ్చ మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. దాన్ని ఆయన ఏడాదికోసారి, ఏమీ మాట్లాడకుండా, అందరికీ చూపిస్తాడు.

ఆయన పేరు మోగింది మాత్రం ఒక కథతో. తెగిన కాలితో పడున్న, సాల్తా ప్రాంతపు కుర్రాణ్ణి వీపున వేసుకుని, మంచులో కొండ దిగి, ఆసుపత్రికి చేర్చి బతికించిన కథ. నిజానికి ఆ కథ ఆయనకు యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగొచ్చే బస్సులో దొరికింది. పక్క సీట్లో పాదాలకు కట్లు కట్టుకున్న కుర్రాడొకడు, మధ్యలో బ్యూనస్ ఐరెస్‌లో దిగిపోయేదాకా, ఆ మోసిన సంగతే చెప్పాడు. ఊళ్ళో మొదటిసారి రెమీహియో "ఎవరో చెప్పగా విన్నాను" అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. రెండోసారి "మావాడొకడు" అన్నాడు. ఎవరో గ్లాసులో వైను పోశారు. మూడోసారి "నేను" అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఇక ఆ తర్వాత వెనక్కి తగ్గితే ఏం మర్యాదగా ఉంటుంది?

"కుక్కని ఎత్తితేనే నడుం పట్టేసిందని ఉత్తరం రాశావు కదయ్యా, మనిషినెట్టా మోశావు?" అని భార్య నీదియా పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగింది.

"దేశభక్తితో" అన్నాడు.

ఈ ఏప్రిల్లో కూడలిలో సిమెంటు విగ్రహం ఆవిష్కరించబోతున్నారు. ఒక సైనికుడు మరొకణ్ణి వీపున మోస్తుంటాడు. మోసేవాడి ముఖం రెమీహియోది. బతుకంతా ఎదురుచూసిన రోజు అది. సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి ఫౌస్తినో ఓహెదా దిగాడు. తిరిగిరాని మూడోవాడు ఇతనే. బ్యూనస్ ఐరెస్ రేవులో పనిచేసి, వయసు మళ్ళాక చెల్లెలి ఇంటికి వచ్చాడు.

"ఏంటయ్యా ఆ మొహం? అట్టా పాలిపోయావు?" అంది నీదియా, ఆ కబురు తెలిసిన రోజు.

"ఏం లేదు. ఎండ" అన్నాడు రెమీహియో, నీడలో కూర్చుని.

ఫౌస్తినోకి విగ్రహాలతో పనిలేదు. అతనికి కావలసింది ఒక జత బూట్లు. దీవుల్లో నీళ్ళు నిలిచిన గోతుల్లో పాదాలు కుళ్ళి, వేళ్ళన్నీ తీసేశారు. ఇన్నేళ్ళూ మామూలు బూట్లలో ముందు పాత పేపర్లు కుక్కుకుని నడిచాడు. ఇప్పుడు పుండ్లు పడుతున్నాయి. అలాంటి పాదాలకు ప్రత్యేకంగా కుట్టే బూట్లు, సంఘం పరీక్షలో నెగ్గిన యోధులకు ఉచితం. ఎలాగూ ఆలస్యమవుతుందని డాక్టరు పరీక్షకు ముందే కొలతలు పంపేశాడు. బూట్లు వేళకు వచ్చేశాయి. (ప్రభుత్వ వస్తువు వేళకు రావడం ఈ జిల్లాలో అదే మొదలు. అందుకే ఇంత గొడవ.) సంఘం బల్లమీద నల్లగా నిగనిగలాడుతూ అవి ఉండగా, వాటి ముందు పరీక్ష మొదలయింది. ప్రశ్నలు వేసింది మాంసం కొట్టు గుమెర్సిందో.

"చలి ఎట్టా ఉండేది?"

"చలికంటే తడండీ. గోతిలో నీళ్ళు."

"ఎముకలు కొరికేదా లేదా, అది చెప్పు."

"కాళ్ళు మొద్దుబారి, ఎముకలున్నాయో లేవో తెలిసేది కాదండీ."

"అభ్యర్థికి చలి తెలియదు" అన్నాడు గుమెర్సిందో. "గూర్ఖాలు ఎంతమంది మీద పడ్డారు?"

"నేను ఒక్కణ్ణి కూడా చూళ్ళేదు. మా సార్జెంటునే చూశా. ఆకలికి గొర్రెను దొంగిలించానని కాళ్ళూ చేతులూ మేకులకి కట్టి, రోజంతా వానలో నేలమీద పడుకోబెట్టాడు."

"మనవాణ్ణి మనవాడే? ఛీ ఛీ! సభలో ఆడవాళ్ళున్నారు, మర్యాదగా మాట్లాడు. లేచి నడువు చూద్దాం."

ఫౌస్తినో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా తిన్నగా నడిచాడు. సభ ఉలిక్కిపడింది.

"కుంటవేంటయ్యా?"

"రెండు కాళ్ళకీ సమానంగా పోయాయండీ వేళ్ళు. ఇక ఎటని కుంటేది?"

చివరి అవకాశంగా, ఏదైనా సాహసం ఉంటే చెప్పమన్నారు. ఫౌస్తినో కాసేపు బూట్లవైపు చూశాడు. "పక్క గోతిలో సాల్తా కుర్రాడు ఉండేవాడండీ. కాలు తెగింది. వీపున వేసుకుని కొండ దిగాను. సగం దూరం వచ్చాక నా కాళ్ళు ఆడలేదు. కింద పెట్టాను. అక్కడే పోయాడు."

గుమెర్సిందో బల్ల గుద్దాడు. "ఒరేయ్! అది మా దోన్ రెమీహియో కథరా! ఊరంతా కంఠతా వచ్చు. దొంగిలించిందే కాక చెడగొట్టావు కూడానా? అసలు కథలో కుర్రాడు బతుకుతాడు!"

ఫౌస్తినో అధ్యక్షస్థానం వైపు తిరిగి కళ్ళు చికిలించాడు. "బస్సులో కిటికీ పక్కన కూర్చుంది నువ్వు కదూ అన్నా? నాకు సిగరెట్టిచ్చావు."

రెమీహియో కిటికీలోంచి చూశాడు. కూడలిలో విగ్రహం టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంది. ఒక్క మాట చాలు, ఈ మనిషికి బూట్లు వస్తాయి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. సిగ్గేసింది, భయమేసింది, భయమే గెలిచింది.

"నాకు గుర్తులేదు" అన్నాడు.

పరాయివాడి యుద్ధాన్ని అపహరించిన నేరానికి దరఖాస్తు కొట్టేశారు. ప్రభుత్వ సొమ్ము వృథా కారాదు కనుక, బూట్లు అధ్యక్షుల వారికే కేటాయించారు. ఊరేగింపులో తొడుక్కోవాలని షరతు కూడా పెట్టారు.

మర్నాడు ఊరంతా మధ్యాహ్నం కునుకులో ఉండగా రెమీహియో బూట్లు సంచిలో వేసుకుని ఫౌస్తినో వసారాకి వెళ్ళాడు. ఫౌస్తినో తెరెరె ఆకు మీద చల్లటి నీళ్ళు పోసి గ్లాసు అందించాడు. ఇద్దరూ వంతులవారీగా తాగారు.

"ఇవి నీవేరా, తీసుకో" అన్నాడు రెమీహియో.

"వద్దన్నా. దొంగ యోధుడు అసలు యోధుడి బూట్లు తొడుక్కున్నాడని పట్టుకుంటారు." ఎగతాళిగా కాదు, మామూలుగానే అన్నాడు. తర్వాత అడిగాడు, "నీ కథలో ఆ కుర్రాడు బతికాడటగా?"

"బతికాడు" అన్నాడు రెమీహియో, తల వంచుకుని. "సాల్తాలో పెళ్ళి కూడా చేశాను."

"పిల్లలా?"

"ఇద్దరు."

ఫౌస్తినో గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాడు. "మంచి పని చేశావు. ఇంకొకర్ని కూడా పుట్టించు."

ఏప్రిల్ రెండున బాజా మోగింది. రెమీహియో జెండా పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఆ బూట్లు బయటికి మామూలువే. లోపల మాత్రం ముందు భాగమంతా గట్టి బెండు నింపి ఉంది, వేళ్ళు లేని పాదం కదలకుండా. దేవుడి దయవల్ల రెమీహియోకి పది వేళ్ళూ ఉన్నాయి. చర్చి మూల దాటేసరికి ఒక్కో వేలూ తన ఉనికి చాటుకుంది. వెనక ముప్పైమంది కుడికాలితో కుంటుతున్నారు. ఆయన రెండు కాళ్ళతోనూ కుంటుతూ, పళ్ళు బిగబట్టి, చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆవిష్కరణ మాట అటుంచి, విగ్రహం దాకా చేరితే చాలనుకున్నాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. నీదియా ఒక్కతే నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోలేక.

దారి అంచున నిలబడ్డ ఫౌస్తినో రెండడుగులు ఆయన పక్కన నడిచాడు. అతని బూట్లలో పేపరు కరకరమంది.

"నొప్పా అన్నా?"

"చచ్చే నొప్పిరా తమ్ముడూ."

"మొదటి రెండేళ్ళేలే. తర్వాత అలవాటైపోతుంది."

ఆ సాయంత్రమే నిజనిర్ధారణ సంఘం సమావేశమై, ఈనాటి ఊరేగింపులో దీవుల్లో యుద్ధం చేసి వచ్చినవాడిలా నడిచింది దోన్ రెమీహియో ఒక్కరేననీ, వచ్చే ఏటినుంచి యోధులందరూ రెండు కాళ్ళతోనూ కుంటాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది.