అనపకాయలు ఒలిచేటప్పుడు వినదగినవి

ఆదివారం పొద్దున సుబ్రమణ్యం ఇంట్లో కాఫీ కంటే ముందు సలహా వస్తుంది. తిరుపతిలో ఆయన్ను ఎరిగినవాళ్లెవరూ ఊరికే పళ్లు తోముకోవడానికి వీల్లేదు. ప్రభుత్వ రేడియో పాడ్‌కాస్టుల్లో ఏ పనికి ఏది వినాలో ఆయన ఎప్పుడో తేల్చేశాడు. పళ్లు తోమేటప్పుడు వార్తలు, ఇల్లు ఊడ్చేటప్పుడు పంటల కబుర్లు, రసం కాచేటప్పుడు గుండె డాక్టరు ప్రసంగం. "ప్రకటనలుండవు, అరుపులుండవు. మనిషికి ఇంగేం కావల్ల?" అంటాడు. పాపం, ఎదుటి మనిషికి కావలసింది ఆయన కాసేపు ఊరుకోవడం.

ఆ రోజు ఆయనకు పెద్ద పనే ఉంది. మిద్దె మీది గదిలో తలుపేసుకుని హాయిగా రేడియో వినాలని చాలాకాలంగా కోరిక. అందులో వేసుకోవడానికి వాలు కుర్చీ కొనుక్కురావాలి. అడ్డు ఒక్కటే. ఎదురింటి దేవకమ్మ అదే గదిని అద్దెకు అడుగుతోంది. భర్త పోయాక ఆమె అప్పడాలు చేసి బతుకుతోంది. ఉన్న ఒక్క గదిలో ఒత్తడానికి చోటు చాలదు, వాన పడితే సరుకంతా బూజు పడుతుంది.

"అమా, దేవకమ్మ వస్తే గది ఇయ్యలేమని చెప్పేయ్" అని తల్లి సుబ్బులమ్మకు పురమాయించాడు. ఆమె వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. అంతటితో వెళ్లిపోతే బాగుండేది. వెళ్తాడా? "ఊరికే ఒలస్తా ఉండావేంది? ఒలిచేటప్పుడు కథలు ఇనల్ల" అంటూ పాత ఫోన్ ఆమె ఒళ్లో పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చి గాని కుర్చీ కొనడానికి కదల్లేదు. వంటింట్లో భార్య నిర్మలమ్మ చెవుల్లో అప్పటికే గుండె డాక్టరు ఉన్నాడు.

సుబ్బులమ్మ కథ వినడం చిన్నప్పుడే నేర్చుకుంది. చెప్పేవాళ్లు చెబుతుంటే వినేవాళ్లు ఊఁ కొట్టాలి, లేకపోతే చెప్పేవాళ్లకు చిన్నతనం. రేడియో ఆయనకు మాత్రం మర్యాద తక్కువ చేయడమెందుకని మాట మాటకూ ఊఁ కొట్టసాగింది.

ఐరాల నుంచి కాయలమ్మే గురప్ప మోపెడ్ మీద అనపకాయల మూటతో వచ్చాడు. "రెండు కిలోలు చాలునా పెద్దమ్మా, మూటంతా దించేదా?"

"ఊఁ."

దించేశాడు. వెనకే వీధి భజన బృందం పెద్ద మునిప్రసాద్ వచ్చాడు. "సాయంత్రం భజనకు మీ మిద్ది మింద మైకు కట్టుకుంటాం పెద్దమ్మా."

"ఊఁ."

ఎన్నడూ ఒప్పుకోని ఇల్లు ఒప్పుకుందని ఆయన పరుగున వెళ్లి మైకు తెచ్చి కట్టించాడు. ఆ తర్వాత దేవకమ్మ వచ్చి, కొంగు నలుపుకుంటూ అడిగింది. "పెద్దమ్మా, ఆ మిద్ది గది నాకిస్తే పుణ్యముంటాది."

"ఊఁ."

దేవకమ్మ కళ్లు తుడుచుకుని, మాట మారకముందే పీటలు, చాపలు, పిండి డబ్బాలు పైకి చేరవేసింది.

సుబ్రమణ్యం కుర్చీతో ఆటో దిగేసరికి మిద్దె మీద మైకు "హలో, హలో" అంటోంది. గడపకు అడ్డంగా మూట. గదినిండా పిండి. "ఎవురు చెప్పినారబ్బా మీకు?" అని అరిచాడు. "పెద్దమ్మే ఊఁ అనింది గదప్పా" అన్నారు అందరూ, కాఫీ కోసం కూర్చున్న గురప్పతో సహా.

సుబ్రమణ్యానికి సంగతి అర్థమై ప్రాణం లేచొచ్చింది. "మా యమ్మ ఊఁ అనింది మీకు కాదు, కథకు. చెవుల్లో రేడియో ఉండాది సూడండి. ఇది చెల్లదు. సామాన్లు దించేసుకో దేవకమ్మా."

దేవకమ్మ మెట్ల దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

సుబ్బులమ్మ ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నాయనా, గురప్ప వచ్చినప్పుడు కథే ఇంటా ఉండాను. మునిప్రసాద్ వచ్చినప్పుడూ అంతే. మైకు కట్టేటప్పుడు ఫోన్లో చార్జి అయిపోయింది. దేవకమ్మ అడిగింది బాగా ఇనపడింది."

"మరి ఊఁ అన్నావే?"

"ఇన్నేండ్లుగా ఈ ఇంట్లో నేను నోరు నొచ్చేటట్టు చెప్పినా ఎవురూ ఇనింది లేదు. ఊఁ అంటే మాత్రం మూటలు దిగినాయి, మైకులు లేసినాయి. సరే, నాకు నచ్చినదానికి గూడా ఒకసారి ఊఁ అని సూద్దామని అనినా."

వీధంతా వింటుండగా తల్లి మాట తీసేయలేక సుబ్రమణ్యం కుర్చీ వాకిట్లోనే దించాడు. నిర్మలమ్మ అప్పుడే బయటికొచ్చి, చెవిలోది తీసి, మూట చూసి, "ఇన్నీ ఎవురు ఒలిచేది?" అంది. అందరూ ఆయన వైపే చూశారు.

సాయంత్రం పైన భజన, దాని పక్కనే అప్పడాల కర్రల చప్పుడు. కింద వాకిట్లో, మూట పక్కన, కొత్త వాలు కుర్చీలో కూర్చుని సుబ్రమణ్యం అనపకాయలు ఒలిచేటప్పుడు వినదగినవేవో వెతుక్కుంటున్నాడు.