బల్లమీది సీసా

మెదడు పరిశోధన కేంద్రం స్టోర్‌కీపరుకు ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. పది గంటలకు పెద్ద ప్రొఫెసరుగారి భార్య వస్తుంది. కిందటేడు పోయిన ఆ పెద్దాయన తన మెదడును కేంద్రానికే రాసిచ్చాడు. కోతకు పంపేముందు ఒక్కసారి చూపిస్తానని స్టోర్‌కీపరు ఆమెకు మాటిచ్చాడు. అందుకే నిన్న మధ్యాహ్నమే ఆ మెదడున్న సీసా తుడిచి, గుమ్మం పక్క బల్లమీద పెట్టి, తొందరగా ఇంటికి పోయాడు.

ఇవాళ చూస్తే బల్ల ఖాళీ. ఏ విభాగంవాళ్ళకు మెదడు కావాలన్నా ఆ బల్లమీద ఉన్నది అడక్కుండా పట్టుకుపోవచ్చని రూలు పెట్టింది తనే. మాటిమాటికీ కుర్చీలోంచి లేవడానికి బద్ధకం మరి.

మనస్తత్వశాస్త్రం వాళ్ళకు ఫోన్ చేశాడు.

"మా పాఠం నిన్నే అయిపోయిందండీ. బొమ్మలు గీసుకుంటామంటే చిత్రకళ వాళ్ళకిచ్చాం."

చిత్రకళ వాళ్ళు ఇంకా హుషారుగా చెప్పారు. "మెడికల్ ఫస్టియర్‌కి ఇచ్చేశాం సార్. పదిన్నరకి కోస్తారట!"

ఫోన్ పెట్టి తలెత్తితే గుమ్మంలో ఆమె. పది నిమిషాలు ముందే వచ్చేసింది.

"కూర్చోండమ్మా, సారుని తీసుకొస్తా" అని లోపలికి పరుగెత్తాడు. పిల్లలకు చూపించే రబ్బరు మెదడును ఇంకో సీసాలో నీళ్ళు నింపి వేశాడు. అది తేలింది. అడుగున దారంతో స్టేప్లరు కట్టి ముంచాడు.

ఆమె గాజుమీద చెయ్యి వేసింది. "ఏమండీ, వంటింటి కప్పు బాగుచేయించాను. మోకాలు కాస్త నయం. మీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు."

స్టోర్‌కీపరు సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు. అప్పుడే దారం జారింది. మెదడు బుడుంగున పైకి లేచింది.

ఆమె గాజుమీంచి చెయ్యి తీసింది. "నలభై ఏళ్ళు నేను మాట్లాడుతుంటే ఆయన ఒక్కసారీ తలెత్తలేదు బాబూ. ఈయనెవరు?"

అతను కాళ్ళమీద పడి అంతా చెప్పేశాడు. ఇద్దరూ రొప్పుతూ మెడికల్ క్లాసుకు చేరేసరికి పాఠం చెప్పే మేడమ్ చేతిలో కత్తి లేచి ఉంది.

"ఆపండి!" అని అరిచాడు.

ప్రొఫెసరుగారి భార్య దగ్గరికెళ్ళి, ట్రేలో ఉన్నదాన్ని తనివితీరా చూసుకుంది. చుట్టూ ఊపిరి బిగబట్టిన ముప్ఫైమంది పిల్లల్నీ చూసింది.

"కానివ్వమ్మా. పాఠం మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆయనకి ఒళ్ళు మండేది."

వెనక బెంచీలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, భర్త చివరి క్లాసు పూర్తిగా విన్నది.

సాయంత్రం రిజిస్టరులో 'వస్తువు తిరిగి వచ్చిన స్థితి' అన్నచోట స్టోర్‌కీపరు రాశాడు: క్షేమం, ఇరవై రెండు ముక్కలు.