పుష్పరాణి దశమభాగం

ఆ ఆదివారం పొద్దున్న పుష్పరాణి పెట్టుకున్న పని ఒక్కటే. పాత క్యాలెండరు కాగితం వెనక తన ఏడాది పథకం రాసుకోవాలి. వికలాంగులకు సాయం చేసే ట్రస్టు ఒకటి ఆమె పేర అరవై వేలు కేటాయించింది. ఏ సేవలకు ఖర్చు పెట్టాలో ఆమే తేల్చుకోవాలి, ఆమే చెప్పాలి. చక్రాల కుర్చీలో గడిచిన ముప్పై నాలుగేళ్లలో "నీకేం కావాలి?" అని ఎవరైనా అడగడం అదే మొదలు. వారానికి మూడు పూటలు తోడు మనిషి, బజారుకు ఆటో, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ అని రాసింది. తల్లి పదేళ్లుగా తెస్తున్న బూడిదరంగు చీరలకు రేవు పక్క ఖిదిర్‌పూర్ బజారులో తానే ఓ రంగు చీర ఎంచుకుని స్వస్తి చెప్పాలన్న కోరిక మాత్రం రాయలేదు. అధికారులకు అన్నీ చెప్పక్కర్లేదు.

చర్చికి మూడు మెట్లున్నాయి. ప్రతి ఆదివారం సంఘపెద్ద ఆదాము, ఇంకో ముగ్గురు ఆమెను కుర్చీతో సహా మోసేవారు. బైబిల్లో పక్షవాయువు రోగిని మోసినట్టు మనిషిని నలుగురు మోయడమే వాక్యానుసారమని ఆదాము నమ్మకం. పోయిన వారం ఆ నలుగురిలో బంగారయ్యకు తుమ్మొచ్చింది. పుష్పరాణి వెళ్లి గుమ్మంలో ఉన్న హార్మోనియం మీద పడింది. సంఘమంతా "అయ్యో!" అని పరుగెత్తుకొచ్చి హార్మోనియాన్ని లేవదీసింది.

ఈ ఆదివారం ఎవరూ తుమ్మలేదు గానీ, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ తల్లి విజయ కుమారి లేచి నిలబడింది.

"మా రాణికి అరవై వేలు ఒచ్చినాయి. దశమభాగం ప్రభువుదే. ఆరు వేలు ఇచ్చెస్తాం!"

చేతికేది వచ్చినా పదోవంతు సంఘానికివ్వడం ఆ ఇంటి అలవాటు. రేషను బియ్యం కూడా పదో డబ్బా వేరుగా పోసే మనిషి ఆమె.

పుష్పరాణి తల్లి కొంగు లాగింది. "అమ్మా, అది చేతికొచ్చే డబ్బు నేదే! కూకో!"

ఆ మాట హల్లెలూయల్లో కలిసిపోయింది. ముగింపు ప్రార్థన వేళకి అరవై వేలు నెలనెలా వచ్చేవయ్యాయి. టీ తాగేసరికి ఆరు లక్షలై, పైగా కాళ్లకు ఆపరేషను కూడా చేరింది. పుష్పరాణి తమ్ముడు శామ్సన్ మంగళవారం కృతజ్ఞత కూటానికి బిర్యానీ పురమాయించాడు. నెలకు ఆరు వేలు వస్తాయన్న ధీమాతో ఆదాము బెంగాలీ కొట్టువాడి దగ్గరికెళ్లి, డబ్బొచ్చేసింది దాదా అని చెప్పి, నిలువెత్తు స్పీకర్లు రెండు అరువు తెచ్చేశాడు.

పథకం వినడానికి ట్రస్టు ఉద్యోగి అనంతకృష్ణ నగరం అవతలి కొసనున్న సాల్ట్ లేక్ నుంచి వచ్చిందీ ఆ మంగళవారమే. వాళ్లుండే రేవు క్వార్టర్స్ ముందు షామియానా ఉంది. బ్యానరు మీద పుష్పరాణి ఫొటో ఉంది, ఆదాముది అంతకంటే పెద్దది ఉంది. అనంతకృష్ణ నోరు తెరిచేలోగా మెడలో దండ పడింది.

"రాణి పథకం నాను సదువుతాను బాబూ," అని ఆదాము మైకు అందుకున్నాడు. "స్పీకర్లు, ఫ్యాన్లు. మిగిలింది వాళ్లమ్మ సూసుకుంటాది."

అనంతకృష్ణ దండ తీసి పక్కన పెట్టాడు. "ఇది నగదు కాదండీ. ఆవిడ వాడుకునే సేవలకే ట్రస్టు నేరుగా బిల్లు కడుతుంది. ఏం కావాలో ఆవిడే చెప్పాలి. మీరు కాస్త కూర్చుంటారా?"

ఆదామును కూర్చోమన్నవాడు ఆ సంఘంలో అంతవరకూ పుట్టలేదు. శామ్సన్ వెళ్లి బిర్యానీ గిన్నె మీద మూత పెట్టేశాడు.

విజయ కుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి నా మాటేటవుతాదే? అందరి ముందరా అన్నానే అమ్మీ!"

పుష్పరాణి క్యాలెండరు కాగితం విప్పింది. ఇన్నాళ్లూ తనను ఎత్తిన చేతులన్నీ ఎదురుగా కూర్చుని ఉన్నాయి. ఇప్పుడు తగ్గితే ఈ అరవై వేలనూ వాళ్లే మోసుకుపోతారు.

"నీ మాట పోదులేవే," అంది. "బాబూ, ఇందులో ఉన్నవన్నీ రాసుకోండి. ఆఖర్న ఇంకోటి. దశమభాగం చర్చికే. మెట్ల పక్కన నా కుర్చీ ఎక్కడానికి ర్యాంపు."

"మీరు వాడేదేగా, రాసుకోవచ్చు," అన్నాడు అనంతకృష్ణ.

ఆదాము లేచాడు. "ర్యాంపేటి? మొయ్యడానికి మేం నలుగురం నేమా?"

"ఉన్నారు మావయ్యా. బంగారయ్య బావ ముక్కూ ఉంది."

"అయితే మా సేవేటవుతాదే?"

"స్పీకర్లు మొయ్యండి. కొట్టుకి తిరిగివ్వాల గదా."

ఆ మధ్యాహ్నమే నలుగురూ స్పీకర్లెత్తుకుని బయల్దేరారు. బంగారయ్యను ముక్కుకు తువ్వాలు కట్టుకుని మరీ మోయమన్నారు.

సిమెంటు, ఇటుకల బిల్లు ట్రస్టు కట్టింది. రేవులో తాపీ పని చేసే సంఘస్థులు కూలి పుచ్చుకోలేదు. ర్యాంపు తయారైన ఆదివారం దాని మీద మొదట ఎక్కింది పుష్పరాణి కాదు, ఆదాము. మోకాళ్ల నొప్పులట, ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదట.

ఆమె పది నిమిషాలు ఆలస్యంగా, చిలకపచ్చ చీరలో, చక్రాలు తనే తిప్పుకుంటూ వచ్చింది. అంతకుముందు ఆలస్యమయ్యే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆమె ఇచ్చిన దశమభాగం కోసం ఆదాము అరగంట ప్రార్థన చేశాడు.

మిగతా తొమ్మిది భాగాల సంగతి మాత్రం ఆ తర్వాత ఎవరూ అడగలేదు.